‘సామగ్రి ఎవరిది వారే తెచ్చుకోవాలి’ అంటే సరిపోదు

సంపాదకులకు,

చిత్రలేఖన శిబిరాలు, ప్రదర్శనల ప్రకటనలు మీ పత్రికలో తరచూ చూస్తున్నాం. వేదిక, వేళ, ముఖ్య అతిథుల పేర్లు అన్నీ వివరంగా ఉంటాయి. చిట్టచివర ఒక్క ముక్క: ‘సామగ్రి ఎవరిది వారే తెచ్చుకోవాలి’. ఏ సామగ్రి, ఎంత, ఏ కొలతలో అన్నది ఉండదు. శిబిరం మొదటి గంటలోనే కుంటుపడేది చాలాసార్లు ఇక్కడే. ఒకరు పెన్సిల్ స్కెచ్‌బుక్ పట్టుకుని నీటిరంగుల క్లాసుకు వస్తారు. ఇంకొకరు కిటికీలు తెరుచుకోని హాల్లోకి టర్పెంటైన్ (ఆయిల్ రంగును పలచన చేసే ఘాటు ద్రావకం) సీసా తెస్తారు. నేర్పడానికి వచ్చిన చిత్రకారుడు ఆ పూటంతా ఉన్నవాటితో సర్దుబాట్లు చెప్పడంతోనే గడిపేస్తాడు.

అన్నిటికంటే ముందు పేపరు సంగతి. రంగుల దగ్గర పొదుపు చేసినా ఫరవాలేదు, పేపరు దగ్గర చేయకూడదు. నిర్వాహకులు ఎక్కువగా చేసేది దీనికి తలకిందులు: పన్నెండు రంగుల పెట్టె ఒక్కొక్కరికీ పంచి, చేతికి పల్చటి డ్రాయింగ్ షీటు ఇస్తారు. చదరపు మీటరు బరువు 300 గ్రాముల కంటే తక్కువున్న పేపరు తడి తగిలితే ఉబ్బి, అలలు తేలుతుంది. రంగు నీళ్లు పల్లాల్లోకి జారి అక్కడే మరకలు కడతాయి. ‘నాకు వాష్ (పలచటి రంగును సమంగా పరచడం) రావడం లేదు’ అని కొత్తవాళ్లు దిగులు పడతారు గానీ తప్పు వాళ్ల చేతిది కాదు.

బరువు ఒక్కటే చూసుకున్నా చాలదు. పేపరుకు సైజింగ్, అంటే జిగురు పూత, సరిగ్గా ఉండాలి. పరీక్ష సులువు. పేపరు మూల మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. మంచి పేపరు మీద అది కాసేపు పూసలా నిలబడి, తర్వాత నెమ్మదిగా ఇంకుతుంది. పడీపడగానే ఇంకి ముదురు మచ్చ అయిందంటే దాని మీద రంగు పరుచుకోదు, తడిసిన చోట నూగు లేస్తుంది. మంచి పేపరునే తేమ గదిలో నెలల తరబడి ఉంచినా ఇదే గతి: సైజింగ్ అక్కడక్కడా చెడిపోతుంది, అది రంగు వేసేదాకా కంటికి కనబడదు. ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బల్లపరుపుగా, నేలకు ఎత్తులో పెట్టడం తప్ప మార్గం లేదు.

లెక్క ఇలా వేసుకోవచ్చు. పూర్తి షీటు 56 × 76 సెంటీమీటర్లు. నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి 28 × 38 వస్తుంది, ఒక్క పూట పనికి సరైన కొలత. ఇరవై మందికి తలా రెండు ముక్కలు, ఒకటి బొమ్మకు, ఒకటి పాడైతే మార్చుకోవడానికి: మొత్తం నలభై ముక్కలు, అంటే పది షీట్లు. రంగులు కలిపి చూసుకునే పట్టీలకు మరో రెండు. పన్నెండు షీట్లతో ఇరవై మంది శిబిరం గడిచిపోతుంది.

పల్చటి పేపరే దొరికితే, దాన్ని బోర్డుకు బిగించి వాడాలి. 200 గ్రాముల పేపరును రెండు మూడు నిమిషాలు నీళ్లలో నాననిచ్చి, ప్లైవుడ్ బోర్డు మీద పరిచి, తడిపితే అంటుకునే గోధుమరంగు కాగితపు గమ్ టేపును అంచులకు సగం పేపరు మీద, సగం బోర్డు మీద ఉండేలా అతికించాలి. మాస్కింగ్ టేపు ఇక్కడ పనిచేయదు, తడి పేపరును అది పట్టుకోలేదు. ఆరేదాకా బోర్డు బల్లపరుపుగానే ఉండాలి. గోడకు ఆనించి నిలబెడితే నీరంతా కింది అంచుకు దిగి ఆ వైపు టేపు ఊడిపోతుంది. ఈ పని ముందురోజు సాయంత్రమే పూర్తి కావాలి, శిబిరం పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి గానీ కుంచె పట్టలేరు.

ఇక రంగులు. ట్యూబు మీద ముందున్న అందమైన పేరును నమ్మవద్దు, వెనక చిన్న అక్షరాల్లో ఉండే పిగ్మెంటు (రంగునిచ్చే పొడి) సంకేతం చదవండి. పీబీ 29 అంటే అల్ట్రామెరైన్, ఏ కంపెనీదైనా అదే పదార్థం. పీఆర్ 83 కనిపిస్తే అది అసలు అలిజరిన్ క్రిమ్సన్: చూడ్డానికి ఎంతో బాగుంటుంది, వెలుతురుకు నిలవదు. పేరు చివర ‘హ్యూ’ అని ఉంటే అసలు పిగ్మెంటు బదులు దానిలా కనిపించే వేరే పిగ్మెంటో, మిశ్రమమో వాడారని అర్థం. అది మోసం కాదు, సాధనకు బాగానే పనికొస్తుంది. కాకపోతే మరో రంగుతో కలిపినప్పుడు అసలుదానిలా ప్రవర్తిస్తుందని ఆశించకూడదు. వెలుతురుకు నిలిచే గుణానికి ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ శ్రేణులు ఉన్నాయి. 1, 2 అయితే అమ్మకానికి పెట్టే బొమ్మలకు నిశ్చింతగా వాడవచ్చు. శ్రేణి రాయని ట్యూబు అయితే ఒక పట్టీ మీద రంగు పూసి, సగం మీద నల్ల అట్ట కప్పి, ఎండ తగిలే కిటికీకి మూడు నెలలు అంటించి ఉంచండి. అట్ట తీశాక రెండు సగాలకూ తేడా కనబడితే ఆ రంగు సాధనకే. మెరిసే గులాబీ రంగుల్లో చాలావాటికి అన్నాళ్లు కూడా అక్కర్లేదు.

ఆరు రంగులతో శిబిరం హాయిగా నడుస్తుంది. పీవై 154 పసుపు, పీఆర్ 254 ఎరుపు, పీవీ 19 గులాబీ, నీలాల్లో పీబీ 29, పీబీ 15, వీటికి తోడు పీబీఆర్ 7 సంకేతం ఉన్న బర్న్‌ట్ సియన్నా. ఒక్కో రంగుకు 15 మిల్లీలీటర్ల ట్యూబులు మూడు తీసుకుని చిన్న గిన్నెల్లో, అంటే హాఫ్‌పాన్లలో, నింపితే ఇరవై మందికి సరిపోతాయి. ఒక్కో ట్యూబుకు సుమారు ఏడు పాన్లు వస్తాయి. ఒకేసారి అంచుదాకా నింపితే ఆరేటప్పుడు కుంచించుకుని, పగిలి, పెళ్లలు పెళ్లలుగా ఊడిపోతుంది. సగం నింపి, ఒకరోజు ఆరనిచ్చి, మిగతా సగం నింపాలి. పద్దెనిమిది ట్యూబులతో అయ్యే పని ఇది. ఇరవై పెట్టెలు కొంటే రెండు వందల నలభై చిన్న ట్యూబులు ఇంటికి వెళతాయి, వాటిలో తెలుపు, నలుపు, రెండు రకాల ఆకుపచ్చ మూత కూడా తీయకుండానే గట్టిపడతాయి.

ఆయిల్ రంగుల శిబిరాల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చెడేది బొమ్మ ఒక్కటే కాదు. ఆయిల్ రంగుల్లో ఉండే అవిసె నూనె నీళ్లలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. ఆ క్రమంలో వేడి పుడుతుంది. కుంచెలు తుడిచిన నూనె గుడ్డను పరిచి ఉంచితే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. అదే గుడ్డను ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే వేడికి దారి ఉండదు, లోపలే పెరిగి పెరిగి కొన్ని గంటల తర్వాత, అందరూ ఇళ్లకు వెళ్లాక, అగ్గిపుల్ల అవసరం లేకుండానే అంటుకుంటుంది. ఇరవై మంది నూనె గుడ్డలు ఒకే బుట్టలో కుక్కడం ఎంత ప్రమాదమో నిర్వాహకుల్లో చాలామందికి తెలియదు. గుడ్డలను ఒక్కొక్కటిగా ఆరుబయట తీగ మీద ఆరేసి, బిరుసెక్కాక పారేయాలి. లేదంటే నీళ్లు పోసిన మూత గల రేకు డబ్బాలో ముంచి ఉంచాలి. తలుపుకు తాళం వేసేవారి బాధ్యతల్లో ఇది మొదటిది.

టర్పెంటైన్ అయితే సామూహిక శిబిరంలో అసలు వద్దనే అంటాం. ఒక్కరు ఇంట్లో కిటికీ పక్కన వాడుకోవడం వేరు, ఇరవై సీసాలు మూతలు తీసి ఒక హాల్లో పెట్టుకోవడం వేరు. అరగంటలో తలనొప్పులు మొదలవుతాయి. దాని అవసరమూ అంత లేదు. కుంచెను గుడ్డతో తుడిచి, కొంచెం వంటనూనెలో ఆడించి, మళ్లీ తుడిచి, సబ్బుతో కడిగితే శుభ్రపడుతుంది. ఆ వంటనూనెను మాత్రం రంగులో కలపకండి, చాలా రకాలు ఎన్నాళ్లైనా పూర్తిగా ఆరవు. కడిగిన కుంచెను పడుకోబెట్టి ఆరబెట్టాలి. వెంట్రుకలు పైకి ఉండేలా గ్లాసులో నిలబెడితే నీరు లోహపు పట్టీలోకి దిగి లోపలి జిగురును వదులు చేస్తుంది, వెంట్రుకలు రాలడం మొదలవుతుంది. కుంచెలు నాసిరకం అని తిట్టుకునేవాళ్లలో ఎక్కువమంది చేసే తప్పు ఇదే.

నీళ్లతో కలిపి వాడే యాక్రిలిక్ రంగులకు వాసన బెడద తక్కువ, ఆరిపోయే బెడద ఎక్కువ. పాలెట్ మీద బఠాణీ గింజంతే పిండుకోవాలి, పక్కన నీళ్లు చిమ్మే స్ప్రే సీసా ఉండాలి, కుంచె చేతిలో లేనప్పుడు నీళ్లలో పడుకోబెట్టి ఉండాలి. కడిగిన నీళ్లను నేరుగా కాలువలో పోయకండి. బకెట్లో రాత్రంతా ఉంచితే రంగు చాలావరకు అడుక్కి దిగుతుంది. పైనీరు గుడ్డతో వడకట్టి పోసి, అడుగున మిగిలింది పాత కాగితాల మీద ఆరబెట్టి చెత్తలో వేయాలి.

ఆరుబయట శిబిరాలు ఇప్పుడు జోరుగా జరుగుతున్నాయి, సంతోషం. నిజానికి ఆరుబయట బొమ్మ వేయడం తేలికైంది 1841 నుంచి, జాన్ గోఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు నొక్కితే రంగు వచ్చే లోహపు ట్యూబుకు పేటెంటు తీసుకున్నాక. అంతకుముందు ఆయిల్ రంగును జంతువుల మూత్రాశయపు తిత్తుల్లో కట్టి మోసేవారు. ఈనాటి ఇబ్బంది ట్యూబుతో కాదు, ఎండతో. కాన్వాసు మీద నేరుగా ఎండ పడితే కళ్లు చెదిరి, ప్రతి రంగునూ అవసరం కంటే ముదురుగా కలుపుతాం. ఇంటికి తెచ్చి చూస్తే బొమ్మంతా చీకటి. కాన్వాసు, పాలెట్ రెండూ నీడలో ఉండాలి. గొడుగు తెల్లదో బూడిదరంగుదో అయితే మంచిది, ఎర్ర గొడుగు కింద కలిపిన ఏ రంగునూ నమ్మలేం. రెండు గంటలు దాటితే నీడల దిక్కు మారుతుంది కాబట్టి ఉపన్యాసాలేవైనా ఉంటే దయచేసి చివర్లో పెట్టుకోండి.

ప్రదర్శనల దగ్గర గోడ మీద గజిబిజి చూస్తే మంచి బొమ్మలకు కూడా జాలేస్తుంది. పై అంచులు వరుసగా కలపడం చాలామందికి అలవాటు. కలపాల్సింది బొమ్మల నడిమి ఎత్తును. నేల నుంచి 150 సెంటీమీటర్లు పెట్టుకోండి. దానికి బొమ్మ ఎత్తులో సగం కలిపి, వెనక తీగను హుక్కుకు తగిలించినట్టు పైకి లాగినప్పుడు అది పై అంచుకు ఎంత కిందుంటుందో అంత తీసేస్తే హుక్కు చోటు తేలుతుంది. 60 సెంటీమీటర్ల బొమ్మ, తీగ 8 సెంటీమీటర్లు కింద: 150కి 30 కలిపి 8 తీస్తే 172. నైలాన్ దారం ముడి జారుతుంది, పేనిన ఉక్కు తీగే వాడాలి. పెద్ద ఫ్రేముకు ఒక హుక్కు బదులు రెండు కొడితే పక్కకు ఒరగదు. దీపం నిలువుకు 30 డిగ్రీల వాలులో ఉంటే అద్దం మీద మెరుపు చూసేవారి కళ్లలో పడదు. యాక్రిలిక్ బొమ్మలను ఎదురెదురుగా పేర్చి తేవద్దు, వేడికి మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. బుడగల ప్లాస్టిక్‌ను నేరుగా చుట్టినా గుండ్రటి అచ్చులు పడతాయి. మధ్యలో గ్లాసిన్ అనే నున్నటి పల్చటి కాగితం వేయాలి. బొమ్మ తీసుకునేటప్పుడే అప్పటి స్థితి రాసి, ఇద్దరూ సంతకం చేసిన రసీదు ఇస్తే తర్వాత ‘ఈ గీత మీ దగ్గరే పడింది’ అన్న తగాదా ఉండదు.

ప్రతి ఊరి బృందమూ ఒక ఉమ్మడి సామాన్ల అలమారా పెట్టుకోవచ్చు. 40 × 50 సెంటీమీటర్ల ప్లైవుడ్ బోర్డులు ఇరవై, మడిచే ఈజిళ్లు, గట్టి క్లిప్పులు, పేపరు కోసే కట్టరు, రెండు దీపాలు, ఒక రిజిస్టరు. ఇవి ఎన్ని చేతులు మారినా చెడవు. కుంచెలు మాత్రం ఎవరివి వారివే. జెస్సో (రంగు వేసే ముందు కాన్వాసుకు వేసే తెల్లటి అడుగు పూత) డబ్బా మూత మీద తెరిచిన తేదీ రాయండి, అందులో నేరుగా కుంచె ముంచనివ్వకండి. కొద్దిగా గిన్నెలోకి తీసుకుని వాడి, మిగిలింది డబ్బాలో తిరిగి పోయకుండా ఉంటే బూజు పట్టదు. రంగుగానీ, ద్రావకంగానీ తాగునీటి సీసాల్లో నింపడం ఏ కారణం చేతా జరగకూడదు.

మీకు మా మనవి ఒకటే. శిబిరం ప్రకటన వచ్చినప్పుడు నిర్వాహకులను సామగ్రి వివరం అడిగి, అతిథుల పేర్లలో రెండు తగ్గినా సరే, దాన్ని అచ్చువేయండి. ఇంత ఉంటే చాలు: ‘నీటిరంగులు. 300 గ్రాముల పేపరు, ఆరు రంగుల పాన్లు, బోర్డు మేమే ఇస్తాం. 8వ నంబరు గుండ్రటి కుంచె ఒకటి, అంగుళం వెడల్పు చదును కుంచె ఒకటి, నీళ్లకు రెండు డబ్బాలు, పాత నూలు గుడ్డ, 2బి పెన్సిలు తెచ్చుకోండి. ఆయిల్ రంగులు, టర్పెంటైన్ తేవద్దు.’

ఇట్లు,
కొందరు చిత్రకారులు, చిత్రలేఖన శిక్షకులు