నా మాట పూర్తయ్యేదాకా ఆగినవాళ్లకు

అందరికీ నమస్కారం. ఆసుపత్రి నుంచి క్షేమంగా ఇంటికొచ్చాను. ఆ తర్వాత మొదలుపెట్టిన పల్మనరీ రిహాబ్, అంటే ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు ఇచ్చే వ్యాయామ శిక్షణ, పోయిన వారంతో పూర్తయింది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి థాంక్స్ చెప్పాలనే ఉంది గానీ, కాసేపు ఫోన్‌లో మాట్లాడితే మిగతా పూటంతా మాట పెగలని పరిస్థితి నాది. చేతివేళ్లకు మాత్రం ఆయాసం లేదు కాబట్టి రాస్తున్నాను. పొడుగైతే ఏమీ అనుకోకండి.

నా జబ్బు పేరు సీఓపీడీ. లోపలి గాలిగొట్టాలు సన్నబడి, వాటి చివరనున్న గాలి తిత్తులు దెబ్బతినడం. ఒకసారి వస్తే పూర్తిగా పోదు, అదుపులో పెట్టుకోవాలంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో దీనివల్ల దాదాపు 35 లక్షల మంది చనిపోయారు. అయినా పేరు చెబితే "అంటే ఆస్తమానా?" అనేవాళ్లే ఎక్కువ. నాకూ చాలాకాలం అసలు పేరు తెలియలేదు. ఏళ్ల తరబడి చూపించుకున్న చోట దగ్గుమందు రాసిచ్చి, "వయసు మీద పడుతోంది కదమ్మా" అని పంపేసేవాళ్లు. ఊదే పరీక్ష ఒకటుందని ఒక్కరూ చెప్పలేదు.

అందుకే మొదటి థాంక్స్ ఆ పరీక్ష చేసిన టెక్నీషియన్ అమ్మాయికి. స్పైరోమెట్రీ అంటే ఒక గొట్టంలోకి బలమంతా పెట్టి ఊదడం. "ఊదండి, ఇంకా, ఇంకా, ఆపొద్దు, ఇంకా" అని అరుస్తూ నాకన్నా తనే ఎక్కువ ఆయాసపడింది పాపం. సగంలో దగ్గు తెర వచ్చి ఆపేస్తే విసుక్కోలేదు. బయట వరసలో జనం ఉన్నారు, నాకు తలుపు సందులోంచి కనిపిస్తూనే ఉన్నారు. "వాళ్లు కూర్చుంటార్లెండి, మీరు నీళ్లు తాగండి" అంది. మొత్తం ఊదిన గాలిలో కనీసం 70 శాతం మొదటి సెకనులోనే బయటికి వచ్చేయాలట. గొట్టాలు తెరుచుకునే మందు పీల్చాక కూడా అంతకన్నా తక్కువే వస్తే అడ్డు ఉన్నట్టే లెక్క. నాది తక్కువే వచ్చింది. జబ్బు మూడో దశలో ఉందని తేలింది.

ఆ కాగితం చూసిన డాక్టరుగారు "సిగరెట్ అలవాటుందా" అని అడిగి, లేదంటే అక్కడితో వదిలేయలేదు. "ఇంట్లో ఎన్నేళ్లు, ఏ పొయ్యి మీద వండారు? ఆ గదికి కిటికీ ఉందా?" అని అడిగారు. అన్నేళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చున్నదాన్ని, ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి ఆయనే. ఇంట్లోని పొగ, పనిచేసే చోట దుమ్ము, కొందరికి పుట్టుకతో వచ్చే ఒక ప్రొటీన్ లోపం, ఇవన్నీ కూడా కారణాలే అని ఆయన చెప్పాకే తెలిసింది.

ఇక ఆసుపత్రిలో చేరిన రాత్రి. జలుబే కదా అనుకున్నది రెండు రోజుల్లో ఊపిరాడనివ్వని స్థితికి తెచ్చింది. మా అబ్బాయి టెన్షన్‌తో, "సార్, రక్తంలో ఆక్సిజన్ 90 శాతం దగ్గరే ఉంది, ఇంకా పెంచండి" అని డ్యూటీ డాక్టర్ని బతిమాలుతున్నాడు. ఆయన కసురుకోలేదు. నాలాంటి వాళ్లకు 88 నుంచి 92 మధ్య ఉంటే సరిపోతుందని, అవసరానికి మించి ఇస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మనిషి మగతలోకి జారిపోయే ప్రమాదం ఉందని, అంత హడావిడిలోనూ నిలబడి చెప్పారు. డాక్టర్ బాబూ, ఆ రాత్రి మీరు వైద్యం చేసింది నాకొక్కదానికే కాదు, వాడిక్కూడా.

నాకు అప్పటికే కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోయింది, బైపాప్ పెట్టాలన్నారు. ఎప్పుడూ చూడనివాళ్లకు చెబుతున్నా: ముక్కూ నోరూ కలిపి మూసే మాస్కు, దాంట్లోంచి మెషీన్ గాలిని లోపలికి నెడుతూ ఉంటుంది. ఊపిరాడని మనిషి మొహం మీద మూత పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. చేతులతో తోసేశాను. బలవంతంగా బిగించేస్తారనుకున్నాను. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ మాత్రం పట్టీలు పూర్తిగా వదులు చేసి, మాస్కు నా చేతిలో పెట్టింది. "నేను కట్టనమ్మా. మీరే పట్టుకోండి. వద్దనిపిస్తే తీసేయండి, ఎవరూ ఏమనరు" అంది. పెట్టుకున్నాను, తీసేశాను. మళ్లీ పెట్టుకున్నాను. "అది నెట్టినప్పుడు ఎదురు తిరక్కండి, దానితోపాటే పీల్చండి" అంటూ నా భుజం మీద చెయ్యి వేసి తనూ నాతోపాటు ఊపిరి తీసింది. ఇంకో మంచం దగ్గర్నుంచి తనను పిలుస్తున్నారు. "వస్తున్నా" అంటోంది గానీ కదల్లేదు. కొంతసేపటికి నేనే సైగ చేశాను, కట్టేయమని. సిస్టర్, మీ డ్యూటీ మారిపోవడంతో తెల్లారి మిమ్మల్ని చూడలేకపోయాను. ఈ పోస్టు ఎలాగోలా మీ కంట పడాలి.

ఇన్‌హేలర్లు నేర్పిన ఇంకో సిస్టర్ సంగతీ చెప్పాలి. నాకు రెండు రకాలు రాశారు. స్ప్రే రకాన్ని స్పేసర్, అంటే స్ప్రేకూ నోటికీ మధ్య బిగించే గొట్టం, పెట్టుకుని మెల్లగా, లోతుగా లాగాలి. పొడి రకాన్నేమో ఒక్కసారిగా గట్టిగా లాగాలి. రెండూ ఒకదానికొకటి తలకిందులు. ఏది లాగినా 10 అంకెలు లెక్కపెట్టేదాకా, లేదా ఆపగలిగినంతసేపు ఊపిరి బిగబట్టాలి. స్టెరాయిడ్ ఉన్నదైతే తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది. చెప్పి ఊరుకోకుండా, "ఇప్పుడు నాకు నేర్పండి, నేను పేషెంట్‌ని" అని ఎదురుగా కూర్చుంది. డిశ్చార్జి రోజున కూడా ఒకసారి చేయించి చూసింది. ఫ్లూ టీకా ఏటా వేయించుకోవాలని, న్యుమోనియా టీకా కూడా అడగమని ఫైలు మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టింది తనే.

రిహాబ్ గురించి మాత్రం తీరిగ్గా రాస్తాను, ఎందుకంటే అక్కడికి వెళ్లకూడదని నేను చాలా గట్టిగా అనుకున్నాను. నడిస్తేనే ఆయాసమంటుంటే ఎక్సర్‌సైజులేమిటి? ఆయాసానికి భయపడి మంచం దిగడం మానేశాను, మంచం దిగకపోవడంతో కాళ్లలో సత్తువ పోయింది, సత్తువ లేని కాళ్లతో నాలుగడుగులు వేసినా ఆయాసమే. ఫిజియోథెరపిస్ట్ బాబు మొదటిరోజు ఈ సంగతి చెప్పి, "మీ ఊపిరితిత్తులను నేను బాగుచేయలేనమ్మా, కాళ్లను చేయగలను" అన్నాడు. అంత నిజాయితీగా మాట్లాడేసరికి కాదనలేకపోయాను.

ముందు ఆరు నిమిషాల నడక పరీక్ష పెట్టాడు. 30 మీటర్ల వరండా, అటూ ఇటూ గుర్తులు. "గడియారం ఆగదు, మీరు ఆగొచ్చు. గోడకు ఆనుకోండి, ఓపిక రాగానే మళ్లీ నడవండి" అన్నాడు. ఆగడం కూడా పరీక్షలో భాగమేనని వినగానే సగం భయం పోయింది. తర్వాత ఆయాసానికి 0 నుంచి 10 దాకా మార్కులు వేయడం నేర్పాడు. 3, 4 దగ్గర ఉంటే నడుస్తూనే ఉండాలి, అంతకు మించి బాగా పెరిగితే ఆగాలి. నడిస్తే ఆయాసం రావడం మామూలే, అది ప్రతిసారీ ప్రమాదం కాదు. ఇది ఒంటికి అర్థమవడానికి నాకు వారాలు పట్టింది.

మా జబ్బులో తిప్పలు గాలి లోపలికి పోవడంలో కన్నా బయటికి రావడంలోనే ఎక్కువట. పాత గాలి లోపలే ఉండిపోతుంది. "బస్సులోంచి దిగేవాళ్లు దిగకుండా ఎక్కేవాళ్లు ఎలా ఎక్కుతారమ్మా?" అన్నాడు. అందుకే ముక్కుతో రెండు అంకెలు పీల్చి, ఈల వేస్తున్నట్టు పెదాలు సున్నాలా చుట్టి, నాలుగు అంకెలసేపు మెల్లగా వదలాలి. మెట్టు ఎక్కేటప్పుడు, వంగేటప్పుడు, బరువు ఎత్తేటప్పుడు, అంటే కష్టమైన పని చేసే క్షణంలో ఊపిరి వదలాలి. ఇన్నాళ్లూ బిగబట్టే చేసేదాన్ని.

ఇవన్నీ ఒక ఎత్తయితే, జుట్టు దువ్వుకోవడం గురించి అతను అడగడం ఒక ఎత్తు. జడ వేసుకోవడానికి చేతులు పైకెత్తితే దమ్ము వచ్చేస్తుందని ఎవరికి చెప్పుకుంటాం? జుట్టు కత్తిరించేసుకుందామా అని ఆలోచిస్తున్న రోజులవి. ఆయాసం ఉన్నవాళ్లకు భుజాల, మెడ కండరాలు కూడా ఊపిరి తీయడానికే సాయపడుతుంటాయట. చేతులెత్తితే ఆ సాయం తగ్గిపోతుంది. "బల్ల ముందు కూర్చుని మోచేతులు దాని మీద ఆనించండి, తలను కాస్త ముందుకు వంచి దువ్వుకోండి. సగంలో ఆగండి, ఎవరు తరుముతున్నారు?" అన్నాడు. ఇప్పుడు నా జడ నేనే వేసుకుంటున్నాను. బాబూ, నడక పరీక్షలో ఎన్ని మీటర్లు పెరిగిందో నీ రిజిస్టర్‌లో ఉంటుంది. జడ సంగతి దాంట్లో ఉండదని ఇక్కడ రాస్తున్నాను.

చేతిలో పట్టుకునే చిన్న ఫ్యాను చిట్కా కూడా అతనిదే. వేలికి పెట్టే మీటర్ 94 చూపిస్తున్నా నాకు దమ్ము ఆడనట్టే ఉండేది, ఆక్సిజన్ కావాలని గొడవ చేసేదాన్ని. ఆయాసం వేరు, ఆక్సిజన్ తగ్గడం వేరు అని చెప్పి, బుగ్గలకు, ముక్కుకు చల్లగాలి తగిలేలా ఫ్యాను పెట్టాడు. అక్కడి నరాలకు చల్లదనం తగిలితే ఆయాసం తగ్గినట్టు అనిపిస్తుందట. నా విషయంలో నిజంగానే తగ్గింది.

ఆక్సిజన్ అవసరమైనవాళ్లూ మా బ్యాచ్‌లో ఉన్నారు. వార్డులో నా పక్క మంచం మీద ఉన్న పెద్దాయన రిహాబ్‌కీ వచ్చేవారు, చక్రాల బండి మీద సిలిండర్‌తో. రక్తంలో ఆక్సిజన్ ఎప్పుడూ బాగా తక్కువగా ఉండేవాళ్లు రోజుకు కనీసం 15 గంటలు పెట్టుకుంటే ఎక్కువకాలం బతుకుతారని 1980లో అమెరికాలో, 1981లో బ్రిటన్‌లో వచ్చిన రెండు పరిశోధనల వల్ల తెలిసిందని డాక్టరుగారు చెప్పారు. బ్రిటన్‌ పరిశోధనలో పాల్గొన్నది 87 మందే. కొందరికి ఆక్సిజన్ ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. ఇవ్వనివాళ్ల గుంపులో ఉండటానికి కూడా ఒప్పుకుని పేరు రాయించుకున్న ఆ మనుషులెవరో మనకు తెలియదు. వాళ్లకూ నా నమస్కారం.

ఆ పెద్దాయన గురించి ఒక మాట. వార్డుకు వచ్చిన చుట్టాలు నన్ను చూసి "పాపం, సిగరెట్ ముట్టకుండానే" అని జాలిపడి, ఆయన సిగరెట్లు తాగేవారని తెలిసి మొహం అటు తిప్పుకున్నారు. నాకది నచ్చలేదు. తాగినవాళ్లకూ ఊపిరి కావాలి. రాత్రిళ్లు నాకు దగ్గు ఆగకపోతే, తన మాస్కు పక్కకు జరిపి "సిస్టర్, ఆవిడను చూడండి" అని పిలిచింది ఆయనే. రిహాబ్‌లో నేను ఆగిపోతే ఆయనా ఆగేవారు, "నాక్కూడా ఆయాసమే" అని. అది అబద్ధమని నాకు తెలుసు.

ఇంట్లోవాళ్లకు థాంక్స్ చెబితే ఎబ్బెట్టుగా ఉంటుందేమో గానీ చెబుతాను. ఈ జబ్బు వచ్చాక నా వాక్యాలన్నీ వేరేవాళ్లే పూర్తిచేయడం మొదలైంది. నేను "నాకు ఆ..." అనగానే "ఆక్సిజనా? ఆకలా?" అని నలుగురు నాలుగు వైపుల నుంచి. ప్రేమతోనే. కానీ నేను చెప్పాలనుకున్నది ఒక్కోసారి "ఆ టీవీ ఆపండి" అని. మావారు రిహాబ్‌కు నాతో వచ్చి, అక్కడివాళ్లను చూసి, ఎప్పుడు నేర్చుకున్నారో నేర్చుకున్నారు. ఇప్పుడు నేను మధ్యలో ఆగితే ఆయన పేపర్ చూస్తూ ఊరుకుంటారు. నలభై ఏళ్లకు పైగా కాపురంలో నన్ను పూర్తిగా మాట్లాడనిస్తున్నది ఇప్పుడేనేమో, జబ్బు వల్ల ఒక లాభం!

మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ పాడైన వారంలో, రెండో అంతస్తు మలుపు దగ్గర ఒక ప్లాస్టిక్ కుర్చీ కనబడింది. ఎవరు పెట్టారో తెలియదు, అడిగితే ఎవరూ ఒప్పుకోలేదు. లిఫ్ట్ బాగైనా కుర్చీ అక్కడే ఉంది. పెట్టినవాళ్లు ఇది చదువుతుంటే, దయచేసి తీయకండి. నేనే కాదు, పై అంతస్తు కడుపుతో ఉన్న అమ్మాయి కూడా దాంట్లో కూర్చుంటోంది.

వచ్చే నెల నుంచి రిహాబ్‌లో కొత్త బ్యాచ్ మొదలవుతుంది. బైపాప్ మాస్కు అంటే భయపడేవాళ్లతో కాసేపు మాట్లాడమని ఫిజియో బాబు అడిగాడు, సరేనన్నాను. మీలో ఎవరికైనా, మీ ఇంట్లోవాళ్లకైనా ఈ జబ్బు ఉండి ఏదైనా అడగాలనిపిస్తే మెసేజ్ పెట్టండి, తప్పకుండా జవాబిస్తాను. ఫోనే చేస్తే మాత్రం, నేను లేచొచ్చి ఎత్తేదాకా రింగవనివ్వండి. ఎత్తాక కూడా "హలో" వెంటనే రాదు, పెట్టేయకండి.