తల్లి అనడం సరే, కూలి సంగతేమిటి?

సంపాదకులకు,

పర్యావరణ దినోత్సవం వస్తే చాలు, పత్రికలు (మీదీ కలిపే) స్త్రీనీ ప్రకృతినీ ఒకే గాటన కట్టి ‘తల్లి’ అని పొగుడుతాయి. నా పేచీ ఆ పొగడ్తతోనే. 1974లో ‘ఎకోఫెమినిజం’ (స్త్రీల అణచివేతనూ ప్రకృతి విధ్వంసాన్నీ కలిపి చూసే స్త్రీవాదం) అన్న మాటను ముందుకు తెచ్చిన ఫ్రెంచి రచయిత్రి ఫ్రాన్స్వాజ్ దోబోన్ పొగడలేదు. ఆడవాళ్ల గర్భం మీదా నేల సారం మీదా ఒకే పెత్తనం సాగుతోందని నిలదీసింది. అదే ఏడాది మార్చిలో హిమాలయాల్లో, గఢ్వాల్ కొండల్లోని (మా గద్వాల కాదు) రేణి గ్రామంలో గౌరాదేవి, తోటి ఆడవాళ్లు చెట్లు నరకవచ్చిన గొడ్డళ్లకు అడ్డం నిలిచారు. కట్టెలకూ గడ్డికీ అడవికి పోయేది వాళ్లే మరి. స్త్రీ స్వభావం వంటి మాటలు పక్కనపెట్టి భూమి ఎవరి పేర ఉందో, చాకిరీ ఎవరిదో చూడమని ఆర్థికవేత్త బీనా అగర్వాల్ ఏనాడో చెప్పారు.

అలా చూడాలంటే మా సీడ్ పత్తి (కంపెనీల హైబ్రిడ్ విత్తనం కోసం వేసే పత్తి) చేలకు రండి. సాయంత్రం పూట ఆడపిల్లలు మర్నాడు విచ్చబోయే మొగ్గను గోటితో చీల్చి, రేకులూ పుప్పొడి కాడలూ గిల్లేస్తారు. పొద్దున్నే మగ మొక్క పువ్వు తెచ్చి దానికి రుద్దుతారు. దీన్నే క్రాసింగ్ అంటారు. ఒక్కో మొగ్గకీ ఇదే పని, నెలల తరబడి, పురుగుమందు వాసన ఆరని చేలో. ఆడపిల్లలే ఎందుకంటే వేళ్లు సన్నగా ఉంటాయట! వాళ్లకైతే తక్కువ కూలి ఇస్తే చాలునని మాత్రం ఎవరూ అనరు.

వెనకటికి విత్తనం ఆడవాళ్ల చేతిలో ఉండేది. బూడిద, వేపాకు కలిపి కుండల్లో దాచేవాళ్లు. జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఇప్పటికీ చిరుధాన్యాల విత్తనం దాచుకుంటున్నాయి. హైబ్రిడ్ పత్తిని దాచి విత్తితే మళ్లీ ఆ దిగుబడి రాదు, ఏటా ప్యాకెట్ కొనాల్సిందే. ఆ ప్యాకెట్‌లోకి గింజ చేరేది ఈ పిల్లల చేతుల మీదుగానే. అప్పు మగవాడి పేర, పట్టా మగవాడి పేర, కలుపూ క్రాసింగూ ఆడవాళ్లకు.

కంపెనీ, ఆర్గనైజర్ (కంపెనీకీ రైతుకూ మధ్యవర్తి), రైతు రాసుకునే ఒప్పందంలో క్రాసింగ్ కూలి ఎంతో విడిగా రాయాలి. మందు కొట్టిన చేలోకి ఎన్నాళ్లకు దిగవచ్చో కూడా అందులోనే ఉండాలి. వ్యవసాయ శాఖ ఈ పని ఎందుకు చేయదో అడగండి. క్రాసింగ్ సాగే సెప్టెంబరులో మీ విలేకరిని ఏదైనా పల్లె బడికి పంపి, ఏడు నుంచి పది తరగతుల ఆడపిల్లల హాజరుపట్టీ చూడమనండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, జోగులాంబ గద్వాల జిల్లా