టూరిస్ట్ బస్సు ఊరు చూపించాలి గానీ గేట్లు కాదు

సంపాదకుడు గారికి నమస్కారం,

చారిత్రక నగరాల్లో తిప్పే సైట్ సీయింగ్ బస్సుల గురించి ఈ ఉత్తరం రాస్తున్నానండి. టూరిజం వాళ్ళు, బస్సులు నడిపేవాళ్ళు ఎవరైనా చదువుతారేమోనని ఆశ.

ఆర్నెల్ల కిందట మా అమ్మని తీసుకుని అలాంటి ఒక ఊరికి వెళ్ళాను. ఏ ఊరు, ఎవరి బస్సు అన్నది రాయను, ఎందుకంటే నా బాధ ఆ ఒక్క బస్సు మీద కాదు, నేను తిరిగిన చాలా చోట్ల ఇదే పద్ధతి చూశాను. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేదు, అందుకే బస్సు అయితే హాయిగా కూర్చుని చూడొచ్చు అనుకున్నాం. ఒక్క రోజులో పదకొండు ప్రదేశాలు అని బోర్డు మీద రాసి ఉంటే అమ్మ ఎంత సంతోషపడిందో.

కోట దగ్గర ఆపి ఇరవై ఐదు నిమిషాల్లో వచ్చేయండి అన్నారు. బస్సు మెట్టు ఎత్తుగా ఉంది, అమ్మని పట్టుకుని దింపేసరికే మా వెనకవాళ్ళు తొందర పెట్టడం మొదలుపెట్టారు, టికెట్ క్యూలో ఓ పావుగంట పోయింది, తీరా లోపలికి వెళ్ళి మొదటి గుమ్మం దగ్గరికి రాగానే అమ్మ ఆగిపోయింది. పెద్ద రాతి గడప, రెండు చివర్లా ఎత్తుగానే ఉంది గానీ మధ్యలో మాత్రం పళ్ళెంలా పల్లం పడి నున్నగా మెరుస్తోంది, వందల ఏళ్ళుగా జనం కాళ్ళు పడీ పడీ అరిగిపోయిన చోటు అది. అమ్మ వంగి ఆ పల్లంలో చెయ్యి పెట్టి "ఎంతమంది నడిచుంటారే దీని మీద" అంది. అంతే, వెనక నుంచి గైడ్ విజిల్. "అమ్మా టైమ్ అయిపోయింది, రండి రండి". మేం ఆ గడప దాటకుండానే వెనక్కి వచ్చేశాం, ఆ కోట మేం చూసినట్టే లెక్క.

ఆ రాత్రి రూమ్‌లో కూర్చుని లెక్క వేశాను. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా అంటే పది గంటలు, భోజనానికి ఒక గంట, ట్రాఫిక్‌తో కలిపి ప్రయాణానికి నాలుగు గంటలు. మిగిలిన అయిదు గంటలు పదకొండు చోట్లకి పంచితే ఒక్కో చోటికి ఇరవై ఏడు నిమిషాలు, అందులోనే నలభై మంది ఒక్క డోర్ లోంచి దిగాలి ఎక్కాలి, క్యూలో నిలబడాలి. ఇంక చూడ్డానికి మిగిలేదేంటి చెప్పండి. ఇక్కడ గైడ్ తప్పు గానీ డ్రైవర్ తప్పు గానీ లేదు, పదకొండు అని బోర్డు మీద రాసిన రోజే తప్పు జరిగిపోయింది.

పాత కట్టడాల్లో అసలు విషయం ఎప్పుడూ దిగి దగ్గరికి వెళ్తేనే తెలుస్తుంది. లండన్‌లో 1666లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది కదా, దాని గుర్తుగా కట్టిన మాన్యుమెంట్ అనే స్తంభం ఎత్తు 202 అడుగులు. ఆ ఎత్తు ఎందుకంటే మంట మొదలైన పుడింగ్ లేన్ బేకరీ అక్కడికి సరిగ్గా 202 అడుగుల దూరంలో ఉండేదని. కింద నిలబడి తల పైకెత్తి చూసి ఆ దూరం నడిస్తే ఆ లెక్క ఒంటికి పడుతుంది, బస్సు కిటికీలోంచి అయితే అదొక స్తంభం అంతే. ఇస్తాంబుల్‌లో హాగియా సోఫియా 537లో పూర్తయింది, దాని పై గ్యాలరీలో పాలరాతి పిట్టగోడ మీద ఎప్పుడో ఉత్తర దేశాల నుంచి వచ్చిన వైకింగ్ ఒకతను తన పేరు చెక్కి వెళ్ళాడు, హాల్ఫ్‌దాన్ అనే ముక్క మాత్రమే చదవగలుగుతున్నారు. అలాంటి గీతలు వెతుక్కుని చూడాలంటే విజిల్ వేసేవాళ్ళు ఉండకూడదు.

దీనికి దారి కొత్తగా కనిపెట్టక్కర్లేదు. చాలా నగరాల్లో హాప్ ఆన్ హాప్ ఆఫ్ బస్సులు ఎప్పటినుంచో ఉన్నాయి, ఒకే రూట్‌లో బస్సులు వరసగా తిరుగుతుంటాయి, ఒక రోజు టికెట్ కొనుక్కుంటే ఎక్కడైనా దిగొచ్చు, చూసినంతసేపు చూసి వెనకొచ్చే బస్సు ఎక్కొచ్చు. మా అమ్మలాంటి వాళ్ళు రెండే రెండు చోట్లు చూస్తాం అన్నా ఎవరికీ ఇబ్బంది లేదు. కాకపోతే స్టాప్ దగ్గర నీడ, కూర్చోడానికి బెంచీ, ఎన్ని నిమిషాలకో బస్సు, ఆఖరి బస్సు ఎన్నింటికి అన్న బోర్డు ఉండి తీరాలి, లేకపోతే బస్సు మిస్ అవుతామేమో అన్న భయంతో ఎవరూ దిగరు.

ఇంకో సంగతి కూడా దీంతోనే ముడిపడి ఉంది. మేం దిగిన ప్రతిచోటా ఏసీ కోసం బస్సు ఇంజిన్ ఆపకుండా గోడ పక్కనే నిలబెట్టారు. పొగలోని గంధకం వాయువులు తేమతో కలిస్తే ఆమ్లం అవుతుంది, సున్నపురాయి, పాలరాయి దాని వల్ల జిప్సంగా మారిపోతాయి, దాని మీద మసి అంటుకుని నల్లటి పెచ్చులు కడతాయి, ఆ పెచ్చు ఊడితే చెక్కడం కూడా దాంతోపాటే పోతుంది. తాజ్ మహల్ దగ్గర అందుకే టూరిస్టుల పెట్రోల్ డీజిల్ బండ్లని 500 మీటర్ల అవతలే ఆపేసి అక్కడి నుంచి బ్యాటరీ బండ్లలో పంపిస్తారు. ఆమ్‌స్టర్‌డామ్ అయితే 2024 జనవరి నుంచి 7.5 టన్నులు దాటిన టూరిస్ట్ బస్సుల్ని ఊరి మధ్యలోకి రానివ్వడం లేదు. దింపేసి వెళ్ళిపోయే బస్సు అయితే గోడ పక్కన అలా ఇంజిన్ ఆపకుండా నిలబడే పనే ఉండదు కదండీ, మనుషులకి టైమ్ దొరుకుతుంది, రాయికి పొగ తప్పుతుంది.

రికార్డింగ్ సంగతి కూడా రాయకుండా ఉండలేను. మా బస్సు సిగ్నల్ దగ్గర పెట్రోల్ బంక్ పక్కన ఆగి ఉంటే ఇయర్‌ఫోన్‌లో "మీ కుడివైపు కనిపిస్తున్న ఈ బురుజు" అని వినిపిస్తోంది, అమ్మ పాపం కుడివైపు తిరిగి వెతుకుతూనే ఉంది. బస్సు ఎక్కడుందో జీపీఎస్ చూసుకుని దాని ప్రకారం మాట్లాడే సిస్టమ్స్ ఉన్నాయి, అవి పెట్టండి. ఎక్కువమంది ఏ భాషవాళ్ళు వస్తారో ఆ భాషల్లో ఉంచండి.

ఎక్కువ ప్రదేశాలు ఉంటేనే జనం టికెట్ కొంటారు అని నడిపేవాళ్ళు అంటారు, నిజమే కావచ్చు, మేమూ ఆ పదకొండు చూసే కొన్నాం. అందుకే బోర్డు మీద ప్రదేశాల సంఖ్య పక్కనే ఒక్కోచోట నిజంగా ఎన్ని నిమిషాలు దొరుకుతాయో కూడా రాయాలని నియమం పెట్టమంటున్నాను, అనుమతులు ఇచ్చేవాళ్ళు తలుచుకుంటే ఇది పెద్ద పనేం కాదు. కొనేవాళ్ళే చూసుకుని నిర్ణయించుకుంటారు.

అమ్మని మళ్ళీ అదే కోటకి తీసుకెళ్దాం అనుకుంటున్నా. ఈసారి టికెట్ కొనేముందు ఎన్ని ప్రదేశాలు అని అడగను, కోట దగ్గర దిగిపోతే మళ్ళీ బస్సు ఎన్నింటికి వస్తుందో అడుగుతాను.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు