మత్తు డాక్టరు మేడమ్ గారికి, మా అత్తయ్య పంపిన చీటీల సాక్షిగా

మా చిన్నోడికి ఐదేళ్ళు. పోయిన నెల హైదరాబాద్‌లో మత్తు ఇచ్చి వాడి దవడ పళ్ళు రెండు తీశారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. రెండు పళ్ళకి ఇంత పోస్టా అనకండి, చదవండి.

అంతకు వారం ముందు వేరే చోట ప్రయత్నించాం. వాణ్ణి దుప్పట్లో చుట్టి, ఇద్దరు పట్టుకుని సూది వేయబోయారు. గుక్కపట్టి ఏడ్చాడు. కాసేపటికి సద్దుమణిగాడు. "అదిగో, అలవాటైంది" అన్నారు. నేనూ నమ్మాను. మళ్ళీ సూది చూపించగానే మొదటికొచ్చింది, పని కాలేదు, ఇంటికొచ్చేశాం. ఆ రాత్రి పక్క తడిపాడు.

మేడమ్ ఇదంతా ఓపిగ్గా విన్నారు. ఏడుపు ఆగితే భయం ఆగినట్టు కాదన్నారు. పిల్లలు బెదిరితే అడ్రినలిన్ అనే హార్మోన్ క్షణాల్లో ఎగుస్తుంది, కార్టిసాల్ అనే ఇంకో హార్మోన్ మాత్రం నింపాదిగా ఎక్కుతుందట. ఇరవై, ముప్పై నిమిషాలకు గానీ లాలాజలం పరీక్షలో అది బాగా కనబడదట. తర్వాత మామూలుగా అడిగినట్టే అడిగారు: "ఈ ఏడాదిలో బాబుకి స్టెరాయిడ్లు ఏమైనా వాడారా?"

లేదనబోయాను. వచ్చింది పంటికి కదా! మా ఆయనే "కిడ్నీకి వైసోలోన్ వాడాం మేడమ్" అన్నారు. వైసోలోన్ స్టెరాయిడ్ బిళ్ళే. వాడిది నెఫ్రోటిక్ సిండ్రోమ్, అంటే మూత్రంలో ప్రొటీన్ పోయి ఒళ్ళు వాచే కిడ్నీ జబ్బు. మొదటిసారి మూడు నెలలు, తిరగబెట్టాక ఇంకో నెలన్నర. ఆపి నాలుగు నెలలైంది, ఆ గొడవ వదిలిపోయిందనుకున్నాం.

మేడమ్ పెన్ను కింద పెట్టేశారు. భయమో నొప్పో కలిగితే మెదడు కబురు పంపుతుంది, కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ వదులుతాయి. బీపీ, షుగర్ పడిపోకుండా కాసేది అదే. బిళ్ళల్లో బయటి నుంచి స్టెరాయిడ్ వస్తుంటే ఆ గ్రంథులు పని మానేస్తాయి. "ట్యాంకర్ వస్తున్నన్నాళ్ళూ బోరు మోటారు జోలికెళ్ళరు కదమ్మా, నెలల తర్వాత స్విచ్ వేస్తే వెంటనే నీళ్ళెత్తుతుందా?" అన్నారు. గత ఏడాదిలో రెండు వారాలకు మించి ఎక్కువ డోసు వాడిన పిల్లలకి మత్తుకు ముందు ఈ సంగతి తప్పకుండా చూసుకోవాలట. అప్పుడు నాకు ఆ దుప్పటి రోజు గుర్తొచ్చింది. వాడు సద్దుమణిగింది అలవాటయ్యో, ఒంట్లో ఓపిక లేకో నాకిప్పటికీ తెలీదు.

డోసులు రాసిన పాత చీటీలేమో ఖమ్మంలో, బీరువాలో. మా అత్తయ్యకి ఇంగ్లీషు రాదు. ఏది కావాలో తెలీక ఉన్న కాగితాలన్నీ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టేసింది, గ్యాస్ బిల్లుతో సహా. మేడమ్ ఒక్కొక్కటీ జరుపుతూ చూసి, మా కిడ్నీ డాక్టరు గారికి ఫోన్ చేసి మాట్లాడాకే తేదీ ఇచ్చారు.

ఆ రోజు చేతి మీద తిమ్మిరి క్రీము రాసి, పైన ప్లాస్టిక్ అతికించి గంట ఆగారు. మిడజోలం అనే చేదు మగత మందుని తీపి నీళ్ళలో కలిపి నా ఒళ్ళోనే తాగించారు. ఇరవై నిమిషాల్లో వాడు తూలుతూ, వాళ్ళ నాన్నని తాతా అని పిలిచి పకపకా నవ్వాడు. సూది గుచ్చినా చెయ్యి లాక్కోలేదు. ముందు హైడ్రోకార్టిసోన్, అంటే కార్టిసాల్‌కి బదులు పనిచేసే మందు ఇచ్చి, ఆ తర్వాతే మిగతా మత్తు. పంటి దగ్గర తిమ్మిరి ఇంజెక్షన్ విడిగా వేశారు. మత్తులో ఉన్నా నొప్పికి లోపల ఒళ్ళు ఉలిక్కిపడుతుందట, మిడజోలం నొప్పిని ఆపదట. లేచాక గంటగంటకీ బీపీ, షుగర్ చూశారు.

మేడమ్, మీకు చేతులెత్తి దండం. ఫోన్ ఎత్తిన కిడ్నీ డాక్టరు గారికి, వాడు నిద్రలేచేదాకా వాడి బొమ్మ బస్సుని తన జేబులో దాచిన సిస్టర్‌కి కూడా.

మీరు ఫైలు అట్ట మీద ఎర్ర పెన్నుతో "స్టెరాయిడ్ వాడిన పిల్లాడు" అని రాసిచ్చారు కదా, మొన్న దగ్గుకని వెళ్ళినా ముందు ఆ అట్టే చూపించాను. అత్తయ్య కూడా చీటీలన్నీ వేరే కవర్లో పెట్టింది. గ్యాస్ బిల్లు ఇంకా అందులోనే ఉంది.