పాత మాత్రల సంగతి కూడా అడగండి

సంపాదకుల వారికి నమస్కారం.

కొలెస్టరాల్ మాత్రలు మంచివా చెడ్డవా అని ఈ మధ్య మీ పత్రికలో వరసగా ఉత్తరాలు వస్తున్నాయి. వేసుకుని తీరాలని కొందరు, విషమని కొందరు. మా ఇంట్లో జరిగింది ఆ రెండింటిలో దేనికీ చెందదు. అందుకే రాస్తున్నాను.

మాది చెన్నై పెరంబూరు. మావారు ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు, వయసు 71. 2018లో గుండెకి స్టెంట్ వేసినప్పటి నుంచి రాత్రి అన్నం తిన్నాక అటోర్వాస్టాటిన్ 40 అనే కొలెస్టరాల్ మాత్ర వేసుకుంటున్నారు. ఏనాడూ ఇబ్బంది పడలేదు.

పోయిన డిసెంబరు వానల్లో తడిసి దగ్గు పట్టుకుంది. దగ్గర్లో ఉన్న క్లినిక్కుకి వెళ్లాం. డాక్టరు ఓపిగ్గానే చూసి, క్లారిత్రోమైసిన్ 500 అనే యాంటీబయాటిక్ రోజుకి రెండు చొప్పున వారానికి రాశారు. వేరే ఏం మందులు వాడుతున్నారని అడగలేదు. మాకూ చెప్పాలని తోచలేదు, దగ్గుకీ గుండె మాత్రకీ ఏం సంబంధం అనుకుంటాం కదా. కొలెస్టరాల్ మాత్రలు కూడా అయిపోవచ్చాయని అదే మెడికల్ షాపులో తీసుకున్నాం. రెండు మందులూ ఒకే బిల్లులో రాసి, ఒకే కవర్లో వేసి ఇచ్చారు.

అయిదో రోజు తొడలు నొప్పులన్నారు. దగ్గీ దగ్గీ ఒళ్లు పులిసిందనుకుని అమృతాంజన్ రాశాను. మర్నాడు కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులూ ఆన్చాల్సి వచ్చింది. చొక్కా తొడుక్కోబోతే చెయ్యి పైకి లేవలేదు. ఏడో రోజు తెల్లవారుజామున బాత్రూంలోంచి నన్ను కేకేశారు. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో ఉంది.

ఆస్పత్రిలో ఏ మందులు వాడుతున్నారని అడిగితే మందుల డబ్బా బల్ల మీద బోర్లించాను. అన్నీ షీటులోంచి కత్తిరించిన ముక్కలే. ఒకదాని మీద ‘మైసిన్’ అని తోక మాత్రం మిగిలింది, ఇంకో దాని మీద పేరే లేదు, ధర ఉంది. పర్సులో బిల్లు దొరికింది కాబట్టి సరిపోయింది. సీకే అని, కండరాలు దెబ్బతిన్నాయేమో చెప్పే రక్తపరీక్ష చేశారు. మామూలుగా 200 దగ్గర ఉండాల్సింది 22,000 దాటింది. కండరాలు చితికి ఆ సరుకంతా రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతోందన్నారు. రాబ్డోమయోలిసిస్ అంటారట. నాలుగు రోజులు సెలైన్ ఎక్కిస్తూనే ఉన్నారు. డయాలిసిస్ దాకా పోలేదు, దేవుడి దయ.

అక్కడి డ్యూటీ డాక్టరు తెలుగమ్మాయి. “అమ్మా, అటోర్వాస్టాటిన్‌ని లివర్‌లో అరగదీసే ఎంజైమ్ ఒకటుంటుంది. క్లారిత్రోమైసిన్ దాన్ని పని చెయ్యనివ్వదు. అంకుల్ వేసుకున్నది ఒక్క మాత్రే అయినా రక్తంలో కొన్ని రెట్లు పేరుకుంది” అని చెప్పింది. ఈ రెండూ కలిపి వాడక తప్పకపోతే అటోర్వాస్టాటిన్ 20 దాటకూడదట. సింవాస్టాటిన్ అనే ఇంకో కొలెస్టరాల్ మాత్ర అయితే అసలు కలపకూడదట. తామరకి రాసే ఇట్రాకొనజోల్‌తోనూ ఇదే గొడవ. ఇవన్నీ మందుతో పాటు వచ్చే కాగితంలోనే ఉంటాయి. నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తే ఆ కాగితం మన చేతికెలా వస్తుంది?

మావారు ఇంటికొచ్చాక మా మరిది ఫోన్ చేసి, “వదినా, ఆ దిక్కుమాలిన మాత్రలు పారేయండి” అన్నాడు. నాకూ అదే అనిపించింది. గుండె డాక్టరు మాత్రం ఒప్పుకోలేదు. స్టెంట్ ఉన్న మనిషికి ఈ మందు చేసే మేలు ఎక్కువని, కండరాలు ఇలా దెబ్బతినడం చాలా అరుదని చెప్పారు. ఈ మాత్రలు పడక మానేసిన 60 మందికి ఇంగ్లండులో ఒక నెల అసలు మాత్ర, ఇంకో నెల మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తే, బాధల్లో నూటికి 90 వంతులు ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చాయట. కాబట్టి కాలు లాగిందని మానెయ్యకండి. కానీ లేవలేనంత నీరసం, నల్లబడిన మూత్రం వేరే సంగతి. అది కనిపిస్తే ఆ పూటే ఆస్పత్రికి వెళ్లాలి. మేం రెండు రోజులు అమృతాంజన్‌తో పోగొట్టుకున్నాం. మూడు నెలలు ఆగి, సీకే మామూలయ్యాక, రోసువాస్టాటిన్ 5 అనే వేరే కొలెస్టరాల్ మాత్ర మొదలుపెట్టారు. అది ప్రధానంగా ఆ ఎంజైమ్ మీద ఆధారపడదట. ఇప్పుడు బాగానే ఉన్నారు, పొద్దున్నే పాల ప్యాకెట్టుకి ఆయనే వెళ్తున్నారు.

నేను ఎవర్నీ శిక్షించమనడం లేదు. యాంటీబయాటిక్ రాసే ప్రతి డాక్టరూ, ఇచ్చే ప్రతి షాపూ, తెలుగులోనో తమిళంలోనో ఒక్క ముక్క అడగాలి: “ఇంకేం మాత్రలు వేసుకుంటున్నారు?” మా బిల్లులో ఆ రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. చదివే మనిషి లేకపోయాడు.

మీ ఆరోగ్యం పేజీలో కొలెస్టరాల్ మాత్రలతో కలపకూడని మందుల పేర్లు డాక్టర్ల చేత రాయించి, పెద్ద అక్షరాల్లో ఒక పట్టీగా వేయండి. మా మందుల డబ్బా మూతకి అంటించుకుంటాం.

— ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై