రిబ్బన్ కత్తిరిస్తే లేత్ తిరగదు

సంపాదకుడు గారికి నమస్కారం.

చిన్న వర్క్‌షాపుల ఆధునికీకరణ మీద మొన్నామధ్య మీ వాణిజ్య పేజీలో సగం పేజీ కథనం వచ్చింది. కొత్త సీఎన్‌సీ లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ కంప్యూటర్ ఆదేశాల ప్రకారం చెక్కే మెషిన్) ముందు అధికారులు వరసగా నిలబడ్డ ఫోటో, ఒకరి చేతిలో కత్తెర. కింద ‘మెషిన్ దిగిన మర్నాడే ఉత్పత్తి మొదలు’ అని ఉపశీర్షిక. ఓ చిన్న మెషిన్ షాపు నడుపుతున్నవాణ్ణి కనక చదివి నవ్వుకుని పక్కన పెట్టేశాను. తర్వాత మా బ్యాంకు అధికారి అదే కథనం నా ముందు పెట్టి ‘వాళ్ళు మర్నాడే మొదలెట్టారట, మీకింత ఆలస్యం ఎందుకు?’ అని అడిగారు. దాంతో నవ్వు పోయింది. ఆలస్యం ఎందుకో ఆయనకు చెప్పిందే మీకూ రాస్తున్నాను.

చిన్న సైజు సీఎన్‌సీ లేత్ కూడా మామూలుగా టన్నుల బరువుంటుంది. పైగా బరువు హెడ్‌స్టాక్ వైపు, అంటే ముక్కను తిప్పే ఇరుసు (స్పిండిల్) ఉన్న వైపు ఎక్కువ. బెల్టులు ఎక్కడ పడితే అక్కడ తగిలించి క్రేన్‌తో లేపితే ఒక పక్కకు ఒరుగుతుంది. దానికింద కాంక్రీట్ కావాలి. కొత్తగా పోసిన కాంక్రీట్‌కు పూర్తి బలం రావడానికి 28 రోజులని సివిల్ పని తెలిసిన ఎవరైనా చెబుతారు. పక్క షెడ్‌లో పవర్ ప్రెస్ నడుస్తుంటే ఆ అదురు మన జాబ్ (మెషిన్ మీద చెక్కే ముక్క) మీద గీతలుగా కనబడుతుంది, దానికి ఇంకో ఏర్పాటు. ఆ తర్వాత లెవెలింగ్. మీటరుకు 0.02 మిల్లీమీటర్ల తేడా పట్టే స్పిరిట్ లెవెల్ పెట్టి, కాళ్ళ బోల్టులు తిప్పుతూ, బెడ్ (మెషిన్ పొడవునా ఉండే అడుగు భాగం) మెలితిరగకుండా చూడాలి. బెడ్ కాస్త మెలితిరిగినా, చెక్కిన షాఫ్ట్ ఒక చివర లావు, ఒక చివర సన్నం. లెవెల్ చేశాక కూడా కొన్ని వారాలకు నేల సర్దుకుంటుంది, మళ్ళీ చూసుకోవాలి. ప్రయాణంలో కదలకుండా టరెట్‌కూ (టూళ్ళు బిగించే తిరుగుడు తల) తలుపుకూ బిగించిన క్లాంపులు విప్పకుండా కరెంటిస్తే మొదటి నిమిషంలోనే సర్వో మోటార్ల అలారం. జారే పట్టాల (స్లైడ్ల) మీద తుప్పు పట్టకుండా రాసిన గ్రీజును గుడ్డతో ఓపిగ్గా తుడవాలి. ఎయిర్ గన్‌తో ఊదేస్తే ఆ చెత్తంతా పట్టాలను తుడిచే వైపర్ల లోపలికి పోయి కూర్చుంటుంది. ఇవేవీ కత్తెర పట్టుకున్నవాళ్ళకు అక్కర్లేదు, నాకు తెలుసు. రాసేవాళ్ళకైనా అక్కర్లేదా?

అయినా ఇవన్నీ మా చేతిలో పనులు. మనసు పెట్టి చేసుకుంటాం. మా చేతిలో లేనిది కరెంటు.

సీఎన్‌సీకి వోల్టేజి ఉండాల్సిన దానికి పది శాతం అటూ ఇటూ దాటకూడదని తయారీదార్లు పుస్తకంలో అచ్చేసి ఇస్తారు. పాత లేత్‌కు ఆ పట్టింపు లేదు, వోల్టేజి తగ్గితే మూలుగుతూ తిరిగేది. ఇది అలా కాదు. రెప్పపాటు డిప్ (వోల్టేజి పడిపోవడం) వచ్చినా, మోటార్లను నడిపే డ్రైవ్ అలారం కొట్టి ఆగిపోతుంది. అప్పుడు టూల్ జాబ్‌లో దిగి ఉంటే దాని కొనకు బిగించే కోత ముక్క (ఇన్సర్ట్) విరుగుతుంది, జాబ్ స్క్రాప్ డబ్బాలోకి పోతుంది. స్టెబిలైజర్ పెట్టుకోమంటారు. పెట్టాం. సర్వో స్టెబిలైజర్ మెల్లగా తగ్గే వోల్టేజిని సరిచేస్తుంది గానీ అంత వేగంగా వచ్చిపోయే డిప్‌ను అందుకోలేదు. అది కదిలేలోపే జరగాల్సింది జరిగిపోతుంది. స్పిండిల్ మోటారు మొత్తానికి యూపీఎస్ పెట్టుకోమని ఇంకో సలహా. అది చెప్పినవాళ్ళు ఆ సైజు యూపీఎస్ ధర ఒకసారి కనుక్కుని చెబితే బాగుండేది.

ఇంకో చిత్రం. లైన్ రిపేరుకు వచ్చినవాళ్ళు పని ముగించి తీగలు తిరిగి కలిపేటప్పుడు ఫేజులు (మూడు కరెంటు తీగల వరస) తారుమారు చేసి వెళ్ళిపోతారు. బల్బులు వెలుగుతాయి కనక వీధిలో ఎవరికీ ఏమీ తెలియదు. మా దగ్గర స్పిండిల్ కూడా మామూలుగానే తిరుగుతుంది, ఎందుకంటే డ్రైవ్ లోపలికొచ్చిన కరెంటును ముందు డీసీ చేసుకుంటుంది. హైడ్రాలిక్ పంపు, కూలెంట్ పంపు మాత్రం వెనక్కి తిరుగుతాయి. ప్రెషర్ లేదు, జాబ్‌ను బిగించే చక్ పట్టదు, అలారం. మెషిన్ పాడయిందని హడలిపోయి సర్వీసు ఇంజనీరును పిలిపించి, ఆయన రాకపోకల ఖర్చు భరించాక తేలేది ఏమిటంటే రెండు తీగలు మార్చాలని. దీనికి కాపలాగా ఫేజ్ సీక్వెన్స్ రిలే పెట్టుకున్నాం. తప్పు చేసేది వాళ్ళు, రిలే కొనేది మేము.

ఫిర్యాదు చేస్తే కరెంటు ఆఫీసులో ‘సప్లై బాగానే ఉంది, మీ మెషిన్‌లోనే లోపం’ అన్నారు. మెషిన్ వాళ్ళ దగ్గరికి వెళ్తే ‘మెషిన్ బాగానే ఉంది, మీ సప్లైలోనే లోపం’ అన్నారు. ఇద్దరూ ఒకేసారి వచ్చి ఒకే మీటర్ పెట్టి చూడండయ్యా అంటే ఇద్దరికీ కోపం. వోల్టేజి రికార్డు చేసే మీటర్ కొన్నాళ్ళు పెట్టించమని రాసిచ్చాను. పరికరం ఇప్పుడు వేరే చోట ఉందన్నారు. ఎప్పుడడిగినా ఆ పరికరం వేరే చోటే ఉంటుంది. అదనపు లోడ్ దరఖాస్తు సంగతి అడగొద్దు. ఒక సంతకం అయితే ఇంకో సంతకం మిగులుతుంది. ఆ సంతకం పెట్టాల్సినవారు సెలవులో ఉంటారు, లేకుంటే మీటింగులో.

ఎర్తింగ్ గురించి ఎవరూ ఒక్క మాట రాయరు. నీళ్ళ పైపుకు తీగ చుట్టి ఎర్త్ అనుకునే షెడ్లు ఇంకా ఉన్నాయి. మెషిన్‌కు విడిగా మంచి ఎర్త్ లేకపోతే ఉన్నట్టుండి అర్థంలేని అలారాలు, ఎలక్ట్రానిక్ కార్డులు కాలిపోవడం, తలుపు ముట్టుకుంటే షాక్. కొత్త కార్డు ఖరీదులో ఎన్నో ఎర్త్ పిట్లు తవ్వించుకోవచ్చు. కానీ నేను చూసిన రుణ పథకాల్లో చూడండి. మెషిన్ ధరను మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. ఫౌండేషన్, ఎర్తింగ్, కేబుల్, స్టెబిలైజర్, కంప్రెసర్, గాలిలో తేమ తీసే డ్రయ్యర్, మొదటి సెట్ టూల్ హోల్డర్లు, కొలత పరికరాలు, వీటికి పైసా రాదు. ఇవి లేకుండా ఆ మెషిన్ షెడ్‌లో పెట్టిన ఇనప బీరువా. ఇన్‌స్టలేషన్ ఖర్చూ మెషిన్ ఖర్చే అని ఎంత చెప్పినా ‘ఫారంలో ఆ గడి లేదండీ’ అంటారు. గడి గీయడానికి ఎంత సిరా పడుతుంది?

మీ కథనంలో ఇంకో వాక్యం ఉంది, అదీ అడగాలి. ఈ మెషిన్ ‘ఒక్క మైక్రాన్ తేడా కూడా రానివ్వదు’ అని రాశారు. స్క్రీన్ మీద ఒక మైక్రాన్, అంటే 0.001 మిల్లీమీటరు కనబడుతుంది, నిజమే. అది మనం ఇవ్వగల అతి చిన్న అంకె. జాబ్ అలా వస్తుందని హామీ కాదు. వంద మిల్లీమీటర్ల ఉక్కు వ్యాసం పది డిగ్రీల వేడికే 11 మైక్రాన్ల దాకా పెరుగుతుంది. అందుకే కొలతలకు ప్రపంచమంతా 20 డిగ్రీల సెల్సియస్‌ను ప్రామాణికంగా పెట్టుకుంది. పొద్దున వార్మప్ చేయని స్పిండిల్‌తో తీసిన జాబ్‌కూ మధ్యాహ్నం తీసిన జాబ్‌కూ తేడా వస్తుంది. ఇలాంటి వాక్యాలు చదివిన కస్టమర్లు డ్రాయింగ్ మీద ఎక్కడ పడితే అక్కడ మైక్రాన్లు రాసి పంపుతున్నారు. ధర మాత్రం పాత లేత్ రేటే అడుగుతారు. ఒకప్పుడు ఇలాంటి కథనం అచ్చయ్యే ముందు షాప్‌లో లేత్ మీద పనిచేసే ఒక టర్నర్‌నైనా అడిగేవాళ్ళేమో. ఇప్పుడు బ్రోచర్ చాలు.

భద్రత తనిఖీల తీరూ ఇంతే. వచ్చినవారు గోడ మీద బోర్డులు లెక్కపెడతారు, రిజిస్టర్‌లో సంతకాలు చూస్తారు. తలుపు తెరిస్తే స్పిండిల్ ఆగే ఇంటర్‌లాక్ పనిచేస్తోందా, ఎవరైనా దాన్ని బైపాస్ చేశారా అని తలుపు లాగి చూసినవారిని నేనింతవరకు చూడలేదు. స్పిండిల్ వెనక నుంచి ఆధారం లేకుండా పొడవాటి బార్ బయటికి పెట్టి తిప్పితే అది వంగి కొరడాలా కొడుతుంది, మనిషి ప్రాణం పోతుంది. చక్ మీద రాసిన గరిష్ఠ వేగం దాటితే దాని దవడల (జా) పట్టు సడలి జాబ్ ఎగిరిపడుతుంది. తనిఖీ చేయాల్సింది ఇవి. మంటలార్పే సిలిండర్ మీద తేదీ చదవడానికి అంత దూరం రానక్కర్లేదు.

ఇక ఆపరేటర్ల విషయం. మెషిన్ వాళ్ళు రెండు మూడు రోజులు నేర్పి వెళ్ళిపోతారు. మిగతాది శిక్షణ సంస్థల నుంచి రావాలి. ఒక సంస్థకు సీఎన్‌సీ లేత్ ఇచ్చి ఘనంగా ప్రారంభించారు. దాన్ని చూడ్డానికి వెళ్ళాను. ప్రారంభోత్సవం తర్వాత మెయిన్ స్విచ్ ఆపేశారట, కరెంటు బిల్లు భయంతో. కంట్రోల్ లోపల మెమరీని నిలిపే చిన్న బ్యాటరీ ఉంటుంది. దాన్ని మెషిన్ ఆన్‌లో ఉండగా సమయానికి మార్చాలి. ఎవరూ మార్చలేదు. బ్యాటరీ అయిపోయి పారామీటర్లు (మెషిన్ సెట్టింగులు) చెరిగిపోయాయి, బ్యాకప్ కాపీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. పిల్లలు జీ కోడ్ (మెషిన్‌కు ఆదేశాలిచ్చే భాష) బోర్డు మీద నేర్చుకుంటున్నారు. సర్టిఫికెట్లు మాత్రం టైముకు వస్తున్నాయి. అలా వచ్చిన కుర్రాడు ఆఫ్‌సెట్‌లో (టూల్ స్థానం చెప్పే అంకె) మైనస్ గుర్తు మరిచిపోతే టరెట్ వెళ్ళి చక్‌ను గుద్దుతుంది. ఆ కుర్రాణ్ణి తిట్టి ఏం లాభం?

కాబట్టి మీ విలేకరి ఇంకోసారి ఇలాంటి కథనం రాసేటప్పుడు ప్రారంభమై ఏడాది దాటిన మెషిన్ల దగ్గరికి వెళ్ళమనండి. ఎన్ని తిరుగుతున్నాయి, ఎన్ని టార్పాలిన్ కింద ఉన్నాయి, ఎందుకున్నాయి అని రాస్తే అది మాకు పనికొచ్చే వార్త. విద్యుత్ శాఖ వారి జవాబు కూడా పక్కనే వేయండి.

ఈ ఉత్తరం వేస్తే నా పేరు వేయకండి. లోడ్ దరఖాస్తు ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది.

— ఒక చిన్న మెషిన్ షాపు యజమాని