బాలింత బాధ చెప్పుకోవడానికి ఒక గది ఇప్పించండి

గౌరవనీయులైన ప్రసూతి ఆసుపత్రి వైద్యాధికారి గారికి,

నమస్కారం. రాతపూర్వకంగా ఇచ్చిన వినతులకు జవాబు రాలేదు. అందుకే బెంగళూరులోని తెలుగువారందరి ఎదుట ఈ లేఖ రాస్తున్నాను.

కాన్పులో చిరిగినచోట కుట్లు పడిన నా చెల్లెలు నెలలు గడిచినా సరిగా కూర్చోలేకపోతోంది. ఒక పక్కకు ఒరిగి, పళ్లు బిగబట్టి బిడ్డకు పాలిస్తుంది. మూత్రానికి వెళ్తే మంట. భర్త దగ్గరికి వస్తే భయం. (తన అనుమతితోనే ఇవన్నీ రాస్తున్నాను.) మీ ఓపీలో తెర కూడా లేని బల్ల దగ్గర, వెనుక వరుసలో మగవాళ్లు నిలబడి ఉండగా సమస్య ఏమిటని అడిగారు. నడుం నొప్పి అని చెప్పి, మాత్రలు తెచ్చుకుంది. కన్నడం అంతంతమాత్రంగా వచ్చిన పిల్ల అక్కడ అంతకంటే ఏం చెప్పగలదు?

ఇది ఓర్చుకోవాల్సిన బాధ కాదు. కుట్లు మానకపోవడం, ఇన్ఫెక్షన్, పాలిచ్చే రోజుల్లో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గి యోని పొడిబారడం, కటి కండరాలు పట్టేయడం, వీటన్నిటికీ చికిత్స ఉంది. కాన్పయ్యాక ఆరు వారాల్లో కనీసం 4 సార్లు తల్లీబిడ్డలను చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. మీ దగ్గర బిడ్డ బరువు, టీకాలు చూసి పంపేస్తున్నారు. తల్లిని ఎవరు చూస్తారండీ?

దయచేసి వారానికి ఒక్క పూటైనా బాలింతల కోసం తలుపున్న గది, మహిళా డాక్టరు, ఫిజియోథెరపిస్టు, తెలుగు తెలిసిన నర్సును ఏర్పాటు చేయండి. కుట్ల సంగతి, మూత్రం సంగతి, దాంపత్యంలో నొప్పి సంగతి వాళ్లే ముందుగా అడగాలి. మీ నిర్ణయాన్ని ఈ నెలాఖరులోగా నోటీసు బోర్డులో పెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఆ బాలింతకు అక్క